డాక్ మూగబోతే ఎక్కడ వెతకాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఇంట్లో సొంతంగా కూర్చుకొనే డాక్‌ల గురించి ఈ శీర్షికకు వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. డిజిటల్ అంకెలను అనలాగ్ ధ్వని సంకేతంగా మార్చే సర్క్యూట్‌నే డాక్ అంటారు. సీడీలో ఉన్న పాట నిజానికి సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసుకొన్న అంకెల వరస. ప్రతి కొలతా 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఉంటుంది. స్పీకరుకు కావలసింది అంకెలు కాదు, ఎడతెగకుండా ఎగసిపడే వోల్టేజి. ఆ మార్పిడి చేసే చిప్ ఇప్పుడు చవకగానే దొరుకుతోంది కాబట్టి, చాలామంది రాస్ప్‌బెర్రీ పై (క్లుప్తంగా ‘పై’) అనే చిన్న కంప్యూటర్ పక్కన ఒక చిన్న బోర్డు చేర్చి పాత యాంప్లిఫయర్‌కు మళ్లీ ప్రాణం పోస్తున్నారు. చిప్ కాలిపోయి ఉంటుందని చాలా ఉత్తరాల్లో రాశారు కానీ, మీరు వర్ణించిన లక్షణాలను బట్టి చూస్తే తప్పు ఎక్కువగా వైరులోనో, గ్రౌండ్‌లోనో, విద్యుత్ సరఫరాలోనో కనిపిస్తోంది. కొత్త బోర్డు కొనే ముందు దయచేసి కింది జవాబులు ఓపికగా చదవండి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై 4కు పీసీఎం5102ఏ చిప్ ఉన్న ఊదా రంగు బోర్డును కలిపాను. పిన్నులు నేనే సోల్డర్ చేశాను. సౌండ్ కార్డుల జాబితాలో డాక్ పేరు కనిపిస్తోంది, పాట నడుస్తున్నట్టు స్క్రీన్ మీద గీత కూడా కదులుతోంది. కానీ యాంప్లిఫయర్ నుంచి చిన్న శబ్దం కూడా రావడం లేదు. చిప్ పోయినట్టేనా? (తెనాలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, జాబితాలో పేరు కనిపించినంత మాత్రాన బోర్డు పనిచేస్తున్నట్టు కాదు. ఈ చిప్‌కు తిరిగి కబురు చెప్పే మార్గం లేదు. పై పంపే అంకెలను వినడం తప్ప, నేనున్నానని అది జవాబివ్వలేదు. కాన్ఫిగ్ ఫైలులో హైఫైబెర్రీ-డాక్ అనే ఓవర్‌లే పంక్తి (ఫలానా బోర్డు కలిపి ఉందని పైకు చెప్పే పంక్తి) రాస్తే చాలు, బోర్డును పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టినా ఆ పేరు జాబితాలో అలాగే కనిపిస్తుంది. మీకు పేరు కనిపిస్తోంది కనుక ఆ పంక్తి సరైన చోటే పడింది. ఇతర పాఠకుల కోసం ఒక మాట: 2023లో వచ్చిన పై ఆపరేటింగ్ సిస్టం బుక్‌వర్మ్ కూర్పు నుంచి ఆ కాన్ఫిగ్ ఫైలు బూట్ ఫోల్డరు లోపలి ఫర్మ్‌వేర్ అనే ఫోల్డరుకు మారింది. పాత పుస్తకాలు చూసి పాత చోట రాసేవారికి ఎన్నిసార్లు రీబూట్ చేసినా పేరే కనిపించదు.

ఇక మీ బోర్డు సంగతి. మొదట డేటా వైరు చూడండి. బోర్డు మీద డిన్ అని రాసి ఉన్న పిన్నును పై మీద అదే పేరున్న పిన్నుకు, అంటే 38వ పిన్నుకు కలపడం చాలామంది చేసే పొరపాటు. పేరు ఒకటే అయినా రెండూ లోపలికి తీసుకొనే పిన్నులే; ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని ఒకరు మాట్లాడతారని మరొకరు ఎదురుచూసినట్టు ఉంటుంది. బోర్డు డిన్ పిన్ను, పై నుంచి డేటా బయటికి వచ్చే 40వ పిన్నుకు చేరాలి. ఒక్కో బిట్‌కు తాళం వేసే బీసీకే 12వ పిన్నుకు, ఎడమ కుడి చానెళ్లను విడదీసే ఎల్‌సీకే 35వ పిన్నుకు, విన్ 5 వోల్టులు ఇచ్చే 2వ పిన్నుకు, గ్రౌండ్ 6వ పిన్నుకు వెళ్లాలి. పై మీద పిన్నులు లెక్కపెట్టేటప్పుడు ఒక వరుసలో బేసి సంఖ్యలు, రెండో వరుసలో సరి సంఖ్యలు ఉంటాయని మరచిపోకండి.

తరువాత ఎస్‌సీకే పిన్ను. ఈ చిప్‌కు మాస్టర్ క్లాక్ బయటి నుంచి ఇవ్వవచ్చు, ఇవ్వకపోతే అది బీసీకే నుంచి తనకు తానే తయారు చేసుకొంటుంది. అలా తయారు చేసుకోవాలని చిప్‌కు తెలియాలంటే ఎస్‌సీకే గ్రౌండ్‌కు కలిసి ఉండాలి. దానిని గాలిలో వదిలేస్తే ఒకసారి మౌనం, ఒకసారి బుసబుస, ఒకసారి పాట, ఇలా నిలకడ లేకుండా ఉంటుంది. బోర్డు ముందువైపు, ఎస్‌సీకే పిన్నుకు దగ్గరలో పక్కపక్కనే రెండు చిన్న రాగి మచ్చలు ఉంటాయి. వాటి మీద ఒక్క చుక్క సోల్డరు వేసి కలిపితే సరిపోతుంది. అది కుదరకపోతే ఎస్‌సీకే పిన్నును పొట్టి వైరుతో గ్రౌండ్ పిన్నుకు కలపండి.

అసలు అనుమానం నాకు బోర్డు వెనుకవైపు మీద ఉంది. అక్కడ 1 నుంచి 4 వరకు అంకెలు వేసి, ప్రతి అంకెకు ఒకవైపు హెచ్, మరోవైపు ఎల్ అక్షరాలు ఉంటాయి. హెచ్ వైపు కలిపితే ఆ పిన్నుకు 3.3 వోల్టులు, ఎల్ వైపు కలిపితే గ్రౌండ్. మొదటిది ఫిల్టరుకు, రెండోది డీ-ఎంఫసిస్‌కు (కొన్ని పాత రికార్డింగుల్లో పెంచి ఉంచిన హెచ్చు స్వరాలను తగ్గించడానికి), నాలుగోది డేటా పద్ధతికి సంబంధించినవి. ఈ మూడూ ఎల్ వైపు ఉండాలి. మూడోది మ్యూట్ పిన్ను. అది మాత్రం హెచ్ వైపు ఉండాలి, ఎందుకంటే ఆ పిన్ను గ్రౌండ్‌లో ఉంటే చిప్ నోరు మూసుకొనే ఉంటుంది. కొన్ని బోర్డులు ఈ చుక్కలన్నీ వేసే వస్తాయి, కొన్ని ఖాళీగా వస్తాయి. భూతద్దం పెట్టి చూడండి. సోల్డరు పైకి మెరుస్తూ ఉన్నా రెండు మచ్చలకూ అంటకుండా మధ్యలో వెంట్రుకంత సందు మిగలడం మామూలే.

తరంగాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు లేదని బాధపడనవసరం లేదు, మామూలు మల్టీమీటరు చాలు. నల్ల ప్రోబును గ్రౌండ్ మీద ఉంచి, పాట నడుస్తుండగా ఒక్కో పిన్నూ తాకి చూడండి. విన్ వద్ద 5 వోల్టులకు దగ్గరగా, మ్యూట్ పిన్ను వద్ద 3.3 వోల్టులు, ఎస్‌సీకే వద్ద సున్నా రావాలి. బీసీకే, ఎల్‌సీకే రెండూ సగం సమయం పైన, సగం సమయం కింద ఉండే చదరపు తరంగాలు. కనుక డీసీ వోల్టుల మీద మీటరు వాటి సగటును, అంటే సుమారు 1.6 వోల్టులను చూపిస్తుంది. పాట ఆపగానే ఆ అంకె మారితే క్లాకులు చక్కగా వస్తున్నట్టే. డిన్ వద్ద అంకె నిలకడగా ఉండకపోయినా ఫరవాలేదు, పాట నడుస్తున్నంతసేపూ సున్నా మాత్రం కాకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా శబ్దం రాకపోతే అప్పుడు చిప్‌ను అనుమానిద్దాం.

ప్రశ్న: నా డాక్ బాగానే పాడుతోంది. కానీ తంబూరా శ్రుతి వేసుకొని సాధన చేయబోతే వెనుక గుయ్‌మని ఒక హోరు వస్తోంది. యాంప్లిఫయర్‌కు టీవీ సెట్‌టాప్ బాక్సు కూడా కలిపి ఉంది. మంచి అడాప్టర్ కొన్నాను, మార్పు లేదు. (హనుమకొండ నుంచి ఒక సంగీత విద్యార్థిని)

జవాబు: అమ్మా, మీరు తంబూరాతో పరీక్షించడం నాకు ఎంతో నచ్చింది. సినిమా పాటలో డప్పుల వెనుక దాగిపోయే దోషం, మారకుండా సాగే తంబూరా నాదంలో దాగలేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది కనుక హోరు 50 హెర్ట్జ్ వద్దనో, దానికి రెట్టింపైన 100 హెర్ట్జ్ వద్దనో పుడుతుంది. ఈ రెండూ మీ షడ్జమంతో కలవవు. శ్రుతి తప్పిన మరో తీగ పక్కనే మోగుతున్నట్టు ఉంటుంది. సాధనలో ఉన్నవారి చెవికి అది ఎంత ఇబ్బందో ఊహించగలను.

మీ ఉత్తరంలోని కీలకమైన మాట సెట్‌టాప్ బాక్సు. డిష్ నుంచో, కేబుల్ నుంచో వచ్చే వైరు పైతొడుగు ఎక్కడో ఇంటి బయట భూమిని తాకుతుంది. మీ యాంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్ ద్వారా మీ ఇంటి ఎర్తును తాకుతుంది. ఈ రెండు చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉన్నా చాలు, ఆ తేడా వల్ల పుట్టిన కరెంటు మీ ఆడియో వైరు పైతొడుగు గుండా ప్రవహిస్తుంది. యాంప్లిఫయర్ దానిని కూడా సంగీతంగానే భావించి పెద్దది చేస్తుంది. దీనినే గ్రౌండ్ లూప్ అంటారు. మంచి అడాప్టర్ కొన్నా తగ్గకపోవడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు.

నిర్ధారించుకోవడానికి పది నిమిషాలు చాలు. ముందుగా అడాప్టర్ తీసేసి పైను పవర్ బ్యాంకు మీద నడపండి. హోరు పూర్తిగా పోతే దోషం అడాప్టర్ దారిలో ఉంది. రెండు పిన్నుల అడాప్టర్లలో మెయిన్స్ వైపునూ, తక్కువ వోల్టేజి వైపునూ కలుపుతూ ఒక చిన్న కెపాసిటరు ఉంటుంది. దాని గుండా అతి స్వల్పంగా కరెంటు కారుతుంది. చార్జింగులో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు అంచును ముంజేతితో రాసినప్పుడు జివ్వుమనేది ఆ కరెంటే. పవర్ బ్యాంకు మీద కూడా హోరు అలాగే ఉంటే, సెట్‌టాప్ బాక్సుకు వచ్చే డిష్ వైరును వెనుక నుంచి విప్పి చూడండి. ఆ క్షణంలోనే నిశ్శబ్దం వస్తే దొంగ దొరికినట్టే.

మందు రెండు రకాలు. పై, యాంప్లిఫయర్, సెట్‌టాప్ బాక్సు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టడం మొదటిది. దీనికి ఖర్చు లేదు, చాలాసార్లు హోరు సగానికి తగ్గుతుంది. అది చాలకపోతే డాక్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య ఒకటికి ఒకటి నిష్పత్తిలో చుట్టిన ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి విడిభాగాల వీధుల్లో 600 ఓముల ట్రాన్స్‌ఫార్మరు అని అడగండి. సంగీతం అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, గ్రౌండ్ కరెంటు దాటలేదు. చాలా చవక ట్రాన్స్‌ఫార్మర్లలో మృదంగం తొప్పి వైపు నుంచి వచ్చే లోతైన నాదం కొంత పలచబడుతుంది, అది ముందే తెలుసుకొని కొనండి.

యాంప్లిఫయర్ ప్లగ్‌లోని ఎర్తు పిన్ను విరిచేయమని, లేదా లోపలి వైరు కత్తిరించమని మీకు ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. హోరు పోయే మాట నిజమే. కానీ లోపల ఒక వైరు ఊడి లోహపు పెట్టెను తాకిన రోజున ఆ కరెంటుకు భూమిలోకి దారి ఉండదు, తాకినవారి ఒళ్లే దారి అవుతుంది. మీ ఇంటి ఎర్తింగ్ గుంటను కూడా ఒకసారి చూపించుకోండి. వేసవిలో ఉప్పూ బొగ్గూ వేసిన ఆ గుంట ఎండిపోతే ఎర్తు బలహీనపడుతుంది. మన పెద్దలు దానిలో అప్పుడప్పుడు నీళ్లు పోయించేది అందుకే.

ప్రశ్న: మామూలు పాటలు బాగా వస్తున్నాయి, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు పెడితే చిటపటలు వస్తున్నాయి. బోర్డును అందమైన చెక్కపెట్టెలో అమర్చడం కోసం 30 సెంటీమీటర్ల జంపర్ వైర్లు వాడాను. (హైదరాబాద్, కూకట్‌పల్లి)

జవాబు: జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఒక్కో చానెల్‌కు 32 బిట్ల చొప్పున లెక్కవేస్తే, 44.1 కిలోహెర్ట్జ్ పాటకు బీసీకే వైరులో సెకనుకు 28 లక్షలకు పైగా స్పందనలు ప్రయాణిస్తాయి. 192 కిలోహెర్ట్జ్‌కు అవి కోటీ 22 లక్షలు దాటుతాయి. అంత వేగంలో పొడవాటి వైరు చివర నుంచి సంకేతం ప్రతిధ్వనిలా వెనక్కి తిరిగివచ్చి, అంచులను చెదరగొడుతుంది. చిప్ ఒక స్పందనను రెండుగా లెక్కించిందంటే ఆ అంకె మొత్తం తప్పిపోయి చిటుక్కుమంటుంది. వైర్లను 10 సెంటీమీటర్ల లోపుకు కుదించండి. బీసీకే వైరుతో గ్రౌండ్ వైరును మెలిపెట్టి తీసుకువెళ్లండి. రాస్ప్‌బెర్రీ పై దగ్గర బీసీకే, డేటా వైర్లలో 33 నుంచి 100 ఓముల మధ్య రెసిస్టరును వరుసగా చేర్చితే ఇంకా మంచిది. పెట్టె అందం కోసం ఆడియో వైరును పొడిగించుకోండి, ఈ వైర్లను కాదు.

ఇదే లక్షణం మామూలు పాటల్లోనూ ఉన్నవారు మరోచోట వెతకాలి. స్క్రీన్ మూలన మెరుపు గుర్తు కనిపిస్తే పైకు అందే వోల్టేజి 4.63 కంటే కిందికి జారుతున్నట్టు. మే నెలలో కోస్తా ఊళ్లలో గాలి ఆడని పెట్టెలో రాస్ప్‌బెర్రీ పై 80 డిగ్రీలకు చేరి, తన వేగం తానే తగ్గించుకోవడం కూడా ఒక కారణం.

ప్రశ్న: మిక్సరులో వాల్యూమ్ పట్టీయే కనిపించడం లేదు. పైగా ఫోను కలిపినప్పుడు లేనిది, ఇప్పుడు యాంప్లిఫయర్‌లో ధ్వని బద్దలవుతోంది. (నెల్లూరు)

జవాబు: పీసీఎం5102ఏలో వాల్యూమ్ తగ్గించే ఏర్పాటు లేదు, అందుకే పట్టీ లేదు. అదే కుటుంబంలోని పీసీఎం5122లో ఉంది. మీరు ప్లేయరు సాఫ్ట్‌వేర్‌లోనే వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. ప్రతి 6 డెసిబెల్‌లకు ఒక బిట్ వదులుకొన్నట్టు అవుతుంది కానీ, అంకెలను 32 బిట్ల వెడల్పులో పంపినప్పుడు ఆ నష్టం చెవికి తెలియదు. ధ్వని బద్దలవడానికి కారణం ఈ చిప్ గరిష్ఠంగా సుమారు 2.1 వోల్టులు ఇవ్వడం. ఫోను దానికంటే చాలా తక్కువ ఇస్తుంది. పాత యాంప్లిఫయర్ ఆ బలాన్ని మొదటి దశలోనే తట్టుకోలేకపోతోంది. సాఫ్ట్‌వేర్‌లో 10 డెసిబెల్‌లు తగ్గించి చూడండి, తేటపడుతుంది. వోల్టేజి ఎక్కువని ఇదే బోర్డుకు నేరుగా 32 ఓముల హెడ్‌ఫోను తగిలించకండి. అంత కరెంటు ఈ చిప్ ఇవ్వలేదు.

ప్రశ్న: పైలో క్లాక్ బాగుండదని, జిట్టర్ వల్ల సంగీతం పాడవుతుందని అంటారు. వేరే క్లాక్ ఉన్న బోర్డు కొనాలా? (న్యూజెర్సీలో ఉంటున్న ఒక పాఠకుడు)

జవాబు: మాటలో నిజం ఉంది. పై 4లోని స్ఫటికం 54 మెగాహెర్ట్జ్‌ది. దాని నుంచి 44.1 కిలోహెర్ట్జ్ కుటుంబపు క్లాక్‌ను శేషం లేకుండా భాగించి తీయడం కుదరదు. కాబట్టి డివైడరు ఒకసారి ఒక సంఖ్యతో, మరోసారి పక్క సంఖ్యతో భాగిస్తూ సగటున సరిపెడుతుంది. సగటు సరిగ్గానే ఉంటుంది, ఒక్కొక్క స్పందన మాత్రం కాస్త ముందు వెనుకలవుతుంది, దీనినే జిట్టర్ అంటారు. దీనికి విరుగుడుగా కొన్ని బోర్డులు 22.5792, 24.576 మెగాహెర్ట్జ్‌ల రెండు స్ఫటికాలను తమ మీదే పెట్టుకొని, రాస్ప్‌బెర్రీ పైనే తమ తాళానికి నడిపిస్తాయి. వాటికి ఓవర్‌లే పంక్తి కూడా వేరు. ఇంజనీరింగ్ దృష్టితో అది మెరుగైన పద్ధతి. అయినా నా సలహా ఏమిటంటే, మీ గదిలో హోరు, చిటపట పూర్తిగా పోయాకే ఆ ఖర్చు గురించి ఆలోచించండి. గ్రౌండ్ దోషం ఉన్నచోట జిట్టర్ తేడా వినడం అసాధ్యం.

ప్రశ్న: చిప్ లేకుండా రెసిస్టర్లతోనే, ఒక విలువ, దానికి రెట్టింపు విలువ రెసిస్టర్లను మెట్లలా కలిపే ఆర్-2ఆర్ నిచ్చెనతో 16 బిట్ల డాక్ చేయాలనుకొంటున్నాను. 1 శాతం రెసిస్టర్లు సరిపోతాయా? (కాకినాడ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: బాబూ, సరిపోవు. ఎందుకు సరిపోవో లెక్క వేస్తేనే ఈ సర్క్యూట్ నిజంగా అర్థమవుతుంది. అత్యున్నత బిట్ ఒక్కటే మిగిలిన 15 బిట్ల మొత్తం కంటే ఒక్క మెట్టు ఎక్కువ తూగాలి. దాని రెసిస్టరులో 1 శాతం తేడా ఉంటే, మిగిలిన బిట్లన్నీ ఆరిపోయి ఇది ఒక్కటే వెలిగే మలుపు వద్ద మొత్తం పరిధిలో అర శాతం తప్పు వస్తుంది. 65,536 మెట్లలో అర శాతం అంటే 300 మెట్లకు పైనే. ఇంకా విచారకరమైన విషయం, ఆ మలుపు సరిగ్గా పరిధి మధ్యలో, అంటే తరంగం ప్రతిసారీ దాటే సున్నా గీత మీద ఉంటుంది. గట్టి ధ్వనిలో అది వినపడదు, మెల్లని ధ్వనినే గాయపరుస్తుంది. పెద్ద సంస్థలకు కూడా ఇది కష్టమైన పనే. 1980ల తొలి రోజుల్లో ఫిలిప్స్ తన సీడీ ప్లేయర్లలో 14 బిట్ల చిప్‌నే వాడి, నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తో (కొలతల మధ్య అదనపు కొలతలను లెక్కించి చేర్చే పద్ధతితో) 16 బిట్ల నాణ్యతను రాబట్టింది.

కాబట్టి 8 బిట్లతో మొదలుపెట్టండి. అక్కడ అదే అర శాతం తప్పు ఒక మెట్టుకు కాస్త పైగా మాత్రమే అవుతుంది, రెసిస్టర్లను ఏరుకొంటే అది కూడా తగ్గుతుంది. 10 కిలో ఓముల రెసిస్టర్లు ఒకే పట్టీలో వంద కొని, ఒక్కొక్కటీ మీటరుతో కొలిచి, విలువలు బాగా దగ్గరగా ఉన్నవి పక్కకు తీయండి. 20 కిలో ఓములు విడిగా కొనవద్దు, రెండు పదులను వరుసగా కలిపి చేసుకోండి. 1 కిలో ఓము వంటి చిన్న విలువలు వాడితే నిచ్చెనకు అంకెలు పంపే ఆర్డుయినో వంటి చిన్న కంట్రోలరు బోర్డు పిన్నుల లోపల ఉండే కొన్ని పదుల ఓముల నిరోధం కూడా లెక్కను చెడగొడుతుంది. నిచ్చెన చివర నుంచి గ్రౌండ్‌కు 2.2 నానోఫారడ్ కెపాసిటరు పెడితే సుమారు 7 కిలోహెర్ట్జ్ పైన ఉన్న గరుకు తగ్గుతుంది. అక్కడి నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటరు ద్వారా యాంప్లిఫయర్‌కు తీసుకువెళ్లండి, లేకపోతే మధ్యలో నిలిచి ఉండే 2.5 వోల్టుల డీసీ కూడా దానిలోకి పోతుంది.

అమర్చాక ఒక పరీక్ష చేయండి. ఒకే స్వరాన్ని క్రమంగా తగ్గిస్తూ పూర్తిగా ఆరిపోయేదాకా వాయించండి. చివరలో గరగర వినిపిస్తుంది. అందులో కొంత 8 బిట్ల ముతకదనం వల్ల వచ్చేదే, కొంత రెసిస్టర్ల తప్పు వల్ల వచ్చేది. రెండింటినీ విడదీయడానికి, స్వరం మధ్యబిందువును 128 నుంచి 148కి జరిపి మళ్లీ వాయించండి. ఇప్పుడు మెల్లని భాగం ఆ పెద్ద మలుపును దాటదు. గరగర అంతే ఉంటే అది ముతకదనమే, దానిని బిట్లు పెంచి తగ్గించాలి. స్పష్టంగా తగ్గితే అత్యున్నత బిట్ రెసిస్టర్లను విప్పి, మీరు పక్కకు తీసి ఉంచినవాటిలో నుంచి మరో జత వేసి చూడండి.